ఫ్లైఓవర్ అంచున మట్టిని నిలబెట్టేది ఏది?

హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా, జాతీయ రహదారి మీద ఏ చిన్న ఊరి దగ్గరైనా ఫ్లైఓవర్ ఎక్కేచోట రెండు పక్కలా నిటారుగా నిలిచిన కాంక్రీటు పలకల గోడలు కనిపిస్తాయి. చదరంగానో, ప్లస్ గుర్తులాగానో ఉన్న పలకలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. వాటి వెనక ఉన్నదంతా మట్టే. ఏడెనిమిది మీటర్ల ఎత్తు మట్టి, దాని మీద రోడ్డు, ఆ రోడ్డు మీద రాత్రింబవళ్లు లారీలు. పలక మందం మాత్రం జానెడు కూడా ఉండదు. సాధారణంగా 14 నుంచి 18 సెంటీమీటర్లు.

అంత పలచని పలక అంత బరువును ఎలా ఆపుతోందన్న అనుమానం చూసినవారికి రావడం సహజం. నిజానికి ఆ భారమంతా పలక మీద లేదు. వెనక ఉన్న మట్టి తనను తానే నిలబెట్టుకుంటోంది. అలా నిలబడే శక్తిని దానికి ఇచ్చినవి మట్టి పొరల మధ్య పరిచిన పాలిమర్ వలలు, పట్టీలు. ఇలాంటి పదార్థాలన్నిటినీ కలిపి ఇంజనీర్లు జియోసింథటిక్స్ అంటారు. సైట్లో ఆ గోడను ఆర్‌ఈ (రీఇన్‌ఫోర్స్‌డ్ ఎర్త్, అంటే ఉపబల మట్టి) వాల్ అంటారు. మనం రోజూ పక్కనుంచి వెళ్లే ఈ కట్టడం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ దెబ్బతింటుందో ప్రతి పౌరుడికీ తెలిసి ఉండటం మంచిది. ఎందుకంటే ఇందులో ముఖ్యమైన భాగమంతా పూడిపోయి ఉంటుంది. పూడ్చేముందు చూడకపోతే తరువాత చూడటానికి వీలుండదు.

మట్టికి ఉన్న బలం, లేని బలం

కళ్లంలో ధాన్యం పోస్తే రాశి ఒక వాలుకు వచ్చి ఆగుతుంది. ఇంకా పోస్తే అంచులు జారి రాశి వెడల్పవుతుందే తప్ప గోడలా నిటారుగా లేవదు. అదే ధాన్యాన్ని గోనెసంచిలో నింపి కుట్టేస్తే బస్తా మీద బస్తా వేసి గోదాము కప్పు దాకా పేర్చవచ్చు. గింజ అదే. పక్కకు జరగబోయిన గింజను సంచి పట్టి ఆపింది, అంతే తేడా. పై బస్తా బరువుకు కింది బస్తా ఉబ్బబోతుంది, గోనె బిగుసుకుంటుంది, ఆ బిగువు గింజల్ని మరింత దగ్గరకు నొక్కుతుంది. పైన బరువు పెరిగినకొద్దీ పట్టు కూడా పెరుగుతుంది.

మట్టి స్వభావమూ అలాంటిదే. నొక్కితే బాగా ఓర్చుకుంటుంది, లాగితే విడిపోతుంది. మొరం, గ్రావెల్, ఇసుక లాంటి గరుకు మట్టిలో రేణువుకూ రేణువుకూ మధ్య ఉన్న రాపిడే దాని బలం. పైనుంచి బరువు పడినప్పుడు మట్టి కిందికి దిగడంతో పాటు పక్కలకు జరగాలని చూస్తుంది. పక్కలకు జరగడమంటే మట్టి సాగడమే. సాగుడును తట్టుకునే శక్తి దానికి లేదు కాబట్టి జారిపోతుంది.

ఇప్పుడు ఆ మట్టిలో రెండడుగులకు ఒకటి చొప్పున అడ్డంగా గట్టి వల పరిచామనుకుందాం. మట్టి పక్కకు జరగబోతే రాపిడి వల్ల వలను తనతో లాగుతుంది. వల సాగడానికి ఒప్పుకోదు, బిగుసుకుంటుంది. వల కన్నుల్లో ఇరుక్కున్న కంకర రాళ్లు అడ్డుపోగులకు ఆని ఆగుతాయి. వల ఆగితే దానికి అంటుకున్న మట్టీ ఆగుతుంది. నొక్కుడును మట్టి భరిస్తుంది, లాగుడును వల భరిస్తుంది. కాంక్రీటులో ఇనుప చువ్వ చేసే పని కూడా ఇదే. ఒక్క తేడా ఉంది. కాంక్రీటు చువ్వను గట్టిగా అంటిపెట్టుకుంటుంది. మట్టికి ఆ అంటు లేదు, రాపిడి ఒక్కటే దిక్కు. అందుకే ఇక్కడ ఎలాంటి మట్టి వాడారు, దాన్ని ఎంత గట్టిగా తొక్కించారు, అందులో నీరు ఎంత చేరిందన్నవి వల బలంతో సమానంగా లెక్కలోకి వస్తాయి.

మూడు వేల ఏళ్లకు పైబడిన ఉపాయం

మట్టిలో గడ్డీ, ఊకా కలిపి తొక్కి గోడలు పెట్టడం మన పల్లెల్లో పెద్దలకు తెలిసిన పనే. పొరలు పొరలుగా నారను పరిచి పెద్ద కట్టడాలు లేపడం కూడా పాతదే. ఇరాక్‌లో బాగ్దాద్‌కు దగ్గర అఖర్ ఖూఫ్ అనే చోట క్రీస్తుపూర్వం 14వ శతాబ్దం నాటి జిగ్గురాత్ అనే మెట్ల గోపురం మిగిలి ఉంది. పచ్చి ఇటుకల వరసల మధ్య రెల్లు చాపలు పరిచి దాన్ని కట్టారు. ఎండకూ గాలికీ చాలా భాగం కరిగిపోయినా నడిమి దిమ్మె ఈనాటికీ ఎత్తుగా నిలిచే ఉంది, చాపల వరసలు బయటికి కనిపిస్తూనే ఉన్నాయి. చైనాలో హాన్ వంశపు రోజుల్లో పడమటి ఎడారి వైపు కట్టిన మహాకుడ్యం భాగాల్లో గులకరాళ్ల పొరల మధ్య రెల్లు, చెట్ల కొమ్మలు వేశారు.

దీనికి లెక్కలు కట్టి ఆధునిక శాస్త్రంగా మార్చినవాడు ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ విడాల్. సముద్రపు ఒడ్డున ఇసుక కుప్పలో పైన్ ఆకులు గుచ్చినప్పుడు కుప్ప గట్టిగా నిలవడం గమనించి ఈ ఆలోచన చేశాడని చెబుతారు. 1963లో ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన వాడినవి ఇనుప పట్టీలు. ఇనుముకు తుప్పు భయం ఉంది కాబట్టి గాల్వనైజింగ్ చేయాల్సి వచ్చేది.

గుడ్డ వైపునుంచి ప్రయత్నం అంతకుముందే మొదలైంది. అమెరికాలోని సౌత్ కరోలినాలో 1926లో రోడ్ల కింద మందపాటి నూలు గుడ్డ పరిచి చూశారు. అది కుళ్లిపోయేదాకా బాగానే పనిచేసింది. రెండో ప్రపంచయుద్ధం తరువాత పాలిమర్లు చౌకగా దొరకడంతో కుళ్లని గుడ్డ చేతికొచ్చింది. 1970ల చివర్లో బ్రిటన్‌లో బ్రయాన్ మెర్సర్ మరో అడుగు వేశాడు. మందపాటి పాలిమర్ రేకుకు వరసగా రంధ్రాలు కొట్టి, వేడిమీద సాగదీశాడు. సాగదీసినప్పుడు లోపలి అణువుల గొలుసులు ఒకే దిక్కుకు తిరిగి వరస కట్టాయి, ఆ దిక్కున బలం ఎన్నో రెట్లు పెరిగింది. అదే జియోగ్రిడ్.

మన దేశంలో ఈ విద్యను ఇంజనీర్లకు దగ్గర చేసినవారిలో ఐఐటీ ఢిల్లీ ఆచార్యుడు జి. వెంకటప్పారావు ఒకరు. జి.వి.ఎస్. సూర్యనారాయణరాజుతో కలిసి ఆయన సంపాదకత్వం వహించిన గ్రంథం 1990లో వచ్చింది. ఇప్పుడు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఆర్‌ఈ గోడలకు 2014లో, రోడ్ల కింద వాడే జియోసింథటిక్స్‌కు 2019లో ప్రచురించిన మార్గదర్శకాలు ఇంజనీర్ల చేతిలో ఉన్నాయి.

ఒక కుటుంబం, వేరువేరు పనులు

జియోసింథటిక్స్ అంతా ఒకటే అనుకుంటే పొరపాటు. పని చెప్పకుండా పేరు మాత్రం చెబితే సైటుకు తప్పుడు సరుకు వస్తుంది.

జియోటెక్స్‌టైల్ అంటే గుడ్డ. నేసిన రకం గట్టిది, తక్కువగా సాగుతుంది. నేయకుండా నారను సూదులతో గుచ్చి కలిపిన రకం దుప్పటిలా మెత్తగా ఉంటుంది, నీటిని బాగా పోనిస్తుంది, మట్టిని ఆపుతుంది. మెత్తటి నేలకూ కంకరకూ మధ్య అడ్డుతెరగా, నీరు కారేచోట వడగట్టే గుడ్డగా ఇది పనికొస్తుంది. దీన్ని ఎత్తైన గోడకు ఉపబలంగా వాడితే విపరీతంగా సాగుతుంది.

జియోగ్రిడ్ అంటే పెద్ద కన్నుల వల. ఉపబలానికి ప్రధానంగా వాడేది ఇదే. ఒకే దిక్కున బలం ఉన్న రకం గోడలకు, నిటారు వాలు గట్లకు. రెండు దిక్కుల బలం ఉన్న రకం రోడ్డు కింద కంకర పొరకు. జియోసెల్ తేనెపట్టులా గదులుగదులుగా విచ్చుకుంటుంది. గదుల్లో కంకరో, మట్టో నింపి తొక్కిస్తే చాపలా పనిచేస్తుంది. జియోమెంబ్రేన్ నీరు పోనివ్వని రేకు, చెరువుల అడుగునా చెత్త డంపుల అడుగునా వేసేది. దానికి ఉపబలంతో పనిలేదు.

ముడిసరుకు కూడా తెలుసుకోవాలి. గోడల జియోగ్రిడ్లు ఎక్కువగా పాలియెస్టర్ నూలుతో అల్లి పైపూత వేసినవి, లేదా హెచ్‌డీపీఈ అనే గట్టి పాలిథీన్ రేకును సాగదీసినవి. జియోటెక్స్‌టైళ్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌వి. వీటికి తోడు కొబ్బరిపీచు, జనపనార గుడ్డలు. ఇవి కొన్నేళ్లలో మట్టిలో కలిసిపోతాయి. తాత్కాలికంగా సాయం కావాల్సిన చోట ఆ గుణమే మేలు.

8 మీటర్ల గోడకు ఒక చిన్న లెక్క

ఈ విషయంలో నమ్మకం కలగాలంటే ఒక లెక్క చేసి చూడటమే మంచిది. పెద్ద గణితం అక్కర్లేదు.

గోడ ఎత్తు 8 మీటర్లు. బాగా తొక్కించిన మట్టి ఘనమీటరుకు 1.8 టన్నులు తూగుతుందనుకుందాం. అడుగున చదరపు మీటరు మీద పడే బరువు 8 × 1.8, అంటే 14.4 టన్నులు. మంచి గ్రావెల్ మట్టి పక్కకు నెట్టే ఒత్తిడి, కిందికి పడే ఒత్తిడిలో సుమారు మూడోవంతు. రాపిడి కోణం (ధాన్యం రాశి ఆగే వాలు లాంటిది) 30 డిగ్రీలు ఉంటే వచ్చే నిష్పత్తి అది. కాబట్టి అడుగున గోడను బయటికి నెట్టే ఒత్తిడి చదరపు మీటరుకు 4.8 టన్నులు. పైన సున్నా, అడుగున 4.8, సగటు 2.4. దాన్ని 8 మీటర్ల ఎత్తుతో గుణిస్తే గోడ పొడవునా ప్రతి మీటరుకూ దాదాపు 19 టన్నుల నెట్టుడు. వాహనాల బరువు కలిస్తే ఇంకా ఎక్కువ.

ఈ నెట్టుడును ఒక్క గోడ మీద వేస్తే అడుగున బాగా మందమైన కాంక్రీటు కావాలి. ఆర్‌ఈ గోడలో దీన్ని పొరలకు పంచుతారు. 60 సెంటీమీటర్లకు ఒక జియోగ్రిడ్ వేశామనుకోండి. అడుగు పొర ఒక్కో మీటరు వెడల్పులో మోయాల్సింది 4.8 × 0.6, అంటే 2.9 టన్నులు. పైకి పోయేకొద్దీ ఈ భారం తగ్గుతుంది. అందుకే కింద బలమైన గ్రిడ్, పైన తక్కువ బలం గ్రిడ్ వేయడం పరిపాటి.

బలం సరిపోతే చాలదు, పొడవు కూడా సరిపోవాలి. గోడ అడుగునుంచి 60 డిగ్రీల కోణంలో వెనక్కి ఒక గీత గీస్తే ఆ గీతకు ముందున్న మట్టి ముక్క జారాలని చూసేది, వెనకున్నది స్థిరంగా ఉండేది. గ్రిడ్ ఆ గీతను దాటి వెనకనున్న మట్టిలో పాతుకోవాలి. 8 మీటర్ల గోడకు పై అంచున ఆ గీత 4.6 మీటర్లు వెనక ఉంటుంది. సాధారణ నియమం ప్రకారం గ్రిడ్ పొడవు ఎత్తులో కనీసం 0.7 వంతు ఉండాలి. ఇక్కడ 5.6 మీటర్లు. అంటే పై పొర గ్రిడ్‌కు నిలకడైన మట్టిలో దొరికే పట్టు ఒక్క మీటరు మాత్రమే. అక్కడ మట్టి బరువు కూడా తక్కువ కాబట్టి రాపిడీ తక్కువే. స్థలం లేదనో, పక్కన కాలువ ఉందనో, సరుకు మిగులుతుందనో పైన గ్రిడ్‌ను ఒక మీటరు కత్తిరిస్తే ఆ పొర ఉన్నా లేనట్టే. బయటినుంచి చూసేవారికి ఏ తేడా కనిపించదు.

ఇక ఆ 5.6 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల ఎత్తు ఉన్న మట్టిదిమ్మె మొత్తం ఒకే ముక్కలా పనిచేస్తూ వెనకనున్న మట్టిని ఆపుతుంది. ఇంత బరువైన దిమ్మెను కదల్చడం సులువు కాదు. గోడ బలమంతా ఇందులోనే ఉంది. పలక చేసే పని గ్రిడ్ల మధ్యనున్న మట్టి రాలకుండా, వానకు కొట్టుకుపోకుండా ముఖాన్ని కాపాడటం.

కంపెనీ కాగితం మీది బలం వేరు, లెక్కలో వాడే బలం వేరు

ప్రయోగశాలలో గ్రిడ్‌ను నిమిషాల్లో లాగి తెంచితే వచ్చే బలం ఒకటి. మట్టిలో 100 ఏళ్లు లాగుడు మోస్తూ ఉండగలిగే బలం ఇంకొకటి. పాలిమర్ మీద బరువు ఎప్పుడూ ఉంటే అది కొద్దికొద్దిగా సాగుతూనే ఉంటుంది. దీన్ని క్రీప్ అంటారు. పాలియెస్టర్ తక్కువగా సాగుతుంది, హెచ్‌డీపీఈ, పాలీప్రొపిలీన్ ఎక్కువగా సాగుతాయి. కాబట్టి వాటికి బలంలో కోత కూడా ఎక్కువే.

రెండో కోత పరిచేటప్పుడు తగిలే గాయాలకు. మొనదేలిన కంకర మీద రోలర్ తిరిగితే గ్రిడ్ పోగులు కొన్ని నలుగుతాయి, తెగుతాయి. మూడో కోత మట్టిలోని రసాయనాలకు. క్షారం బాగా ఎక్కువున్న మట్టిలో, సున్నం కలిపిన మట్టిలో, పచ్చి కాంక్రీటు తగిలేచోట పాలియెస్టర్ క్షీణిస్తుంది.

ఉదాహరణకు 100 కిలోన్యూటన్ల బలం అని ముద్రించిన పాలియెస్టర్ గ్రిడ్ తీసుకుందాం. క్రీప్‌కు 1.5, గాయాలకు 1.2, రసాయనాలకు 1.1 చొప్పున భాగిస్తే మిగిలేది 50 మాత్రమే. ఇంజనీరు దాని మీద భద్రతకోసం మరికొంత విడిచిపెడతాడు. కాబట్టి ఎవరైనా 'ఇదే బలం, ధర తక్కువ' అంటూ సరుకు మార్చబోతే అడగాల్సిన ప్రశ్న ఒకటే: దీర్ఘకాలపు బలం ఎంత, దానికి క్రీప్ పరీక్ష నివేదిక ఏది?

ఎండ ఇంకొక శత్రువు. మట్టి కింద ఉన్నంతకాలం పాలిమర్‌కు ఢోకా లేదు. మన మే నెల ఎండలో చుట్టలు నెలల తరబడి బయట పడి ఉంటే అతినీలలోహిత కిరణాలకు బలం కోల్పోతాయి. చుట్టల మీద కవరు ఉందా, నీడన పెట్టారా అన్నది చిన్న విషయంలా కనిపించినా గోడ ఆయువు లెక్కలోకి వచ్చేదే.

సైట్లో చూడాల్సిన పని

ముందుగా గోడ కింద సన్నటి కాంక్రీటు పట్టీ వేస్తారు. దాని మీద మొదటి వరస పలకలు నిలబెడతారు. ఈ వరస వంకరపోతే పైదంతా వంకరే. తరువాత పలకల వెనక మట్టి పోసి, 20 సెంటీమీటర్ల పొరలుగా రోలర్‌తో తొక్కిస్తారు. గ్రిడ్ ఎత్తుకు వచ్చాక దాన్ని పలక వెనకున్న కొక్కేలకు తగిలించి, వెనక్కి పరిచి, మడతలు లేకుండా లాగి బిగించి, కొస దగ్గర మేకులతో పట్టి ఉంచుతారు. వదులుగా వదిలిన గ్రిడ్ బిగుసుకోవాలంటే మట్టి ముందుగా కదలాలి. ఆ కదలికే తరువాత గోడ ముఖం మీద ఉబ్బుగా కనిపిస్తుంది.

ఇక్కడ జరిగే తప్పుల్లో పెద్దది దిక్కు తప్పడం. ఒకే దిక్కున బలం ఉన్న గ్రిడ్ చుట్టను గోడకు లంబంగా, అంటే గోడనుంచి వెనక్కి దొర్లించాలి. గోడ వెంబడి పొడవుగా దొర్లిస్తే పని తొందరగా అయిపోతుంది, ముక్కలు కోసే శ్రమ ఉండదు. కానీ బలమంతా గోడ పొడవునా ఉండి, నెట్టుడు వచ్చే దిక్కున దాదాపు ఏమీ ఉండదు. పైన ఒక్క లారీ మట్టి పడ్డాక ఎటు దొర్లించారో ఎవరికీ తెలియదు. బలం ఉన్న దిక్కున మధ్యలో రెండు ముక్కలు ఒకదానిమీద ఒకటి వేసి అతుకు పెట్టడం కూడా అంతే ప్రమాదం.

ట్రాక్ ఉన్న యంత్రాలు పరిచిన గ్రిడ్ మీద నేరుగా తిరగకూడదు. కనీసం 15 సెంటీమీటర్ల మట్టి పడ్డాకే వెళ్లాలి. పలకకు ఒకటిన్నర మీటర్ల లోపల పెద్ద రోలర్ రాకూడదు, వస్తే పలక బయటికి తోసుకుపోతుంది. అక్కడ చేత్తో నడిపే చిన్న కంపాక్టర్ వాడాలి. పెద్ద రోలర్ రాకూడదు కదా అని ఆ పట్టీని తొక్కించకుండానే వదిలేస్తే మొదటి వానాకాలానికే అక్కడ కుంగి, గ్రిడ్‌ను కొక్కెం దగ్గర కిందికి లాగి తెంచుతుంది. ఫ్లైఓవర్ అంచున రోడ్డు పొడవునా కనిపించే చీలిక చాలాసార్లు ఇక్కడినుంచే మొదలవుతుంది.

మట్టి ఎంపికలోనూ నియమం స్పష్టంగా ఉంది. 75 మైక్రాన్ల జల్లెడలోంచి దిగే సన్నటి పొడి 15 శాతం దాటకూడదు, జిగురు తక్కువుండాలి, రాపిడి కోణం 30 డిగ్రీలకు తగ్గకూడదు. తవ్వకంలో దొరికిన ఎర్రబంకనో, చెరువు మట్టినో తెచ్చి పోయడానికి లేదు. గ్రావెల్ దొరకని చోట థర్మల్ కేంద్రాల బూడిద మంచి ప్రత్యామ్నాయం. ఢిల్లీలో ఓఖ్లా ఫ్లైఓవర్ అప్రోచ్‌ను 1990ల్లోనే జియోగ్రిడ్, బూడిద కలిపి కట్టారు. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం లాంటి కేంద్రాలున్న మన రాష్ట్రాలకు ఈ దారి అందుబాటులోనే ఉంది.

నీరు, పునాది

ఈ గోడలకు పెద్ద శత్రువు నీరు. మట్టి లోపల నీరు నిలిస్తే రేణువుల మధ్య రాపిడి తగ్గుతుంది, దిమ్మె బరువు పెరుగుతుంది, పైగా నీటి ఒత్తిడి విడిగా గోడను నెడుతుంది. ముందు చేసిన లెక్కలో మట్టి ఒత్తిడి మూడోవంతే పక్కకు వచ్చింది. నీటికి అలాంటి తగ్గింపు లేదు, కిందికి ఎంతో పక్కకూ అంతే. అందుకే పలకల వెనక దాదాపు 60 సెంటీమీటర్ల వెడల్పున కంకర పొర, పలకల సందుల వెనక వడగట్టే జియోటెక్స్‌టైల్, కింద నీరు బయటికి పోయే దారి తప్పనిసరి. పైన రోడ్డు డ్రైను పగిలి నీరు లోపలికి దిగుతుంటే కింద ఎంత మంచి పని చేసినా నిలవదు. గోడ పక్కగా తరువాత వేసిన మంచినీటి పైపు లీకైనా అంతే. కట్టడం పూర్తయ్యాక ఆ మట్టిని తవ్వేవాళ్లు గ్రిడ్లను కోసేస్తున్నామని తెలుసుకోవాలి.

రెండోది పునాది. దిమ్మె ఎంత గట్టిగా ఉన్నా దాని కింద నేల మోయలేకపోతే దిమ్మె మొత్తం దిగిపోతుంది. 2025 మే నెలలో కేరళ మలప్పురం జిల్లా కూరియాడ్ దగ్గర జాతీయ రహదారి 66 మీద వరిపొలాల నడుమ వేసిన ఎత్తు కట్ట గోడతో సహా కూలింది. తడిసి మెత్తబడిన పొలం నేల కట్ట బరువును మోయలేకపోయిందని జాతీయ రహదారుల సంస్థ తేల్చింది. అక్కడ కట్టకు బదులు స్తంభాల మీద వంతెన కట్టాలని తరువాత నిర్ణయించారు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో రోడ్లు వేసే మనకు ఇది చెవిన పెట్టాల్సిన పాఠం. అలాంటి నేలల్లో ముందు లోతుగా బోర్లు వేసి మట్టి పరీక్ష చేయాలి. అవసరమైతే నిలువు డ్రెయిన్లు దింపి నేలలోని నీటిని పిండి గట్టిపరచాలి, కట్ట అడుగున ఎక్కువ బలం ఉన్న గ్రిడ్ పరచాలి, తొందరపడకుండా దఫదఫాలుగా ఎత్తు పెంచాలి. ఇవేవీ సరిపోని చోట స్తంభాలే శరణ్యం.

గోడలు కాక

మామూలు రోడ్ల కింద ఈ పదార్థాలు చేసే మేలు ఇంకా విస్తృతం. నల్లరేగడి నేలల మీద వేసిన రోడ్లు ఎందుకు తొందరగా పాడవుతాయో మన రైతులకు తెలుసు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. వానాకాలంలో మెత్తబడిన బంక బరువు పడ్డప్పుడల్లా కంకర సందుల్లోకి ఎక్కుతుంది, కంకర బంకలోకి దిగుతుంది. కొన్నాళ్లకు కాగితం మీద 30 సెంటీమీటర్లున్న కంకర పొర నిజంగా అంత ఉండదు. మధ్యలో జియోటెక్స్‌టైల్ పరిస్తే ఈ కలగలుపు ఆగుతుంది, నీరు మాత్రం బయటికి పోతుంది. కంకరలో రెండు దిక్కుల గ్రిడ్ వేస్తే రాళ్లు పక్కకు జరగవు, చక్రం గాడులు తగ్గుతాయి. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. గుడ్డ వేసినంత మాత్రాన నల్లరేగడి ఉబ్బడం మానదు. దానికి ఉబ్బని మట్టి పొర వేయడం, సున్నంతో స్థిరపరచడం, నీటిని దరిచేరనివ్వకపోవడం వంటి చికిత్సలు విడిగా చేయాల్సిందే.

కొబ్బరిపీచు గుడ్డకు కూడా ఇక్కడ చోటుంది. 2020లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడో దశ రోడ్లలో కొబ్బరిపీచు జియోటెక్స్‌టైల్ వాడటానికి నిర్ణయం తీసుకున్నప్పుడు ఏడు రాష్ట్రాలకు 1,674 కిలోమీటర్లు గుర్తించారు. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 164, తెలంగాణకు 121. మెత్తటి నేల మీద కొత్త రోడ్డుకు మొదటి కొన్నేళ్లే గండం. ఆలోగా కింది నేల నొక్కుకుని గట్టిపడుతుంది. ఆ తరువాత పీచు మట్టిలో కలిసిపోయినా నష్టం లేదు. కోనసీమ కొబ్బరి రైతుకు, పీచు పరిశ్రమలో పనిచేసే ఆడవాళ్లకు ఇది పని తెచ్చే దారి కూడా.

నమ్మవచ్చా?

సరిగ్గా కడితే నిస్సందేహంగా నమ్మవచ్చు. 1995 జనవరిలో జపాన్ కోబె నగరాన్ని భూకంపం కుదిపేసింది. అక్కడ తనాతా అనే చోట రైల్వే కట్టకు జియోగ్రిడ్‌తో కట్టిన గోడ చుట్టూ ఇళ్లు నేలమట్టమయ్యాయి. గోడ కొద్దిగా కదిలింది, కానీ పడలేదు. మట్టితో పాటు వంగి, కదిలి, శక్తిని పీల్చుకునే స్వభావం ఈ కట్టడాలకు ఉంది. ఆ తరువాత జపాన్ రైల్వేలు ఈ పద్ధతిని విరివిగా చేపట్టాయి. మన దేశంలో సిక్కింలోని పాక్యాంగ్ విమానాశ్రయం ఇంకో నిదర్శనం. దాదాపు 1,400 మీటర్ల ఎత్తున కొండవాలును చదును చేసి, లోయ వైపు 70 మీటర్లకు పైగా ఎత్తున్న ఉపబల మట్టి కట్టడాన్ని నిలబెట్టి దాని మీద రన్‌వే వేశారు. 2018 సెప్టెంబరులో అది ప్రారంభమైంది.

హద్దులు కూడా ఉన్నాయి. కాకినాడ దగ్గర ఉప్పాడ తీరంలో సముద్రపు కోతను ఆపడానికి ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు (జియోట్యూబులు) వేశారు. కొంతకాలం కాపాడినా తుపాను అలల తాకిడికి అవి దెబ్బతిన్నాయి. గుడ్డ ఒకసారి చిరిగితే లోపలి ఇసుక పోతుంది, ఇసుక పోతే కట్ట పోతుంది. ఎడతెగక కొట్టే అల దగ్గర నిరంతర మరమ్మతు లేకుండా ఏ పదార్థం మీదా భారం వేయలేం. అలాగే, మట్టిలో వేసిన ప్లాస్టిక్‌ను తిరిగి తీయలేమన్నదీ నిజం. అందుకే తాత్కాలిక పనికి కొబ్బరిపీచు, జనపనార, శాశ్వత భారానికి మాత్రమే పాలిమర్ అన్న విచక్షణ అవసరం.

నా మాట ఇది. ఈ విద్యలో లోటు లేదు, మన నియమావళిలోనూ పెద్ద లోటు లేదు. లోటున్నదల్లా పూడ్చేముందు చూసే కన్ను దగ్గర. గ్రిడ్ పరిచిన ప్రతి పొరనూ మట్టి పోసేముందు ఇంజనీరు స్వయంగా చూడాలి. దిక్కు, పొడవు, బిగువు, సరుకు గుర్తు కనిపించేలా ఫొటో తీసి దాఖలు చేయాలి. బిల్లు చెల్లింపును ఆ దాఖలాకు ముడిపెట్టాలి. దీనికయ్యే ఖర్చు గోడ విలువ ముందు లెక్కలోకి రాదు.

పాఠకులు చేయగలిగిందీ ఉంది. మీ ఊరి ఫ్లైఓవర్ గోడ పలకలు బయటికి ఉబ్బినా, సందుల్లోంచి మట్టి రాలుతున్నా, ఎండాకాలంలో కూడా పలకల మీద తడి మరక ఆరకపోయినా, పైన రోడ్డు అంచున పొడవాటి చీలిక కనిపించినా ఊరుకోకండి. జాతీయ రహదారి అయితే 1033కు ఫోన్ చేయండి, రాష్ట్ర రహదారి అయితే ఆర్ అండ్ బీ కార్యాలయానికి ఫొటోతో రాసి ఇవ్వండి. ఈ గోడలు ఒక్కసారిగా కూలేముందు చాలావరకు ఇలాంటి గుర్తులు చూపిస్తాయి. వాటిని మొదట చూసేది ఆ దారిన రోజూ పోయే మీరే.